కామెర్ల రోగిలో మగత, కాళ్ల బలహీనత: ఏది లివర్ వల్ల, ఏది నరాల వల్ల? (చెన్నై తెలుగు వైద్య బృందం చర్చ)

మాధవరం_జీపీ
అందరికీ నమస్కారం. మాధవరం ఆంధ్రా బస్టాండు చుట్టుపక్కల క్లినిక్కులకి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి కామెర్ల కేసులు నేరుగా వచ్చేస్తుంటాయి. ఎక్కువగా హెపటైటిస్ ఎ, లేదా ఇ. చాలామందికి విశ్రాంతి, తిండితోనే తగ్గిపోతుంది. నా ప్రశ్న మిగిలినవాళ్ల గురించి. కొందరి ఇంట్లోవాళ్లు "రాత్రంతా నిద్ర లేదు, పగలు తూగుతున్నాడు, మాట తేడాగా ఉంది" అంటారు. ఇంకొందరు కళ్ల పచ్చదనం తగ్గుతుండగా "మెట్లు ఎక్కలేకపోతున్నాను, పాదాలు తిమ్మిరెక్కాయి" అంటూ వస్తారు. చిన్న క్లినిక్‌లో ఈ రెండు రకాలనీ ఎలా విడదీయాలి? పంపేముందు ఏం చేయాలి, ఏం చేయకూడదు? మోతాదులతో సహా చెబితే అందరికీ పనికొస్తుంది.

పెరంబూరు_హెపటాలజీ
మూడు దారులుగా విడదీసుకోండి, పని తేలికవుతుంది. మొదటిది, లివర్ చేతులెత్తేసి అమ్మోనియా మెదడుకెక్కడం. ఇక్కడ లెక్క గంటల్లో. రెండోది, వైరస్ మీద లేచిన రోగనిరోధక శక్తి సొంత నరాల మీదే పడటం. గిలన్-బారీ లాంటివి ఇందులోకి వస్తాయి, లెక్క రోజుల్లో. మూడోది మందులూ పథ్యమూ కలిసి తెచ్చిపెట్టేది: షుగర్ పడిపోవడం, సోడియం పడిపోవడం, థయమిన్ (విటమిన్ బి1) అడుగంటడం, నిద్రమాత్రలు. మూడోదాన్ని అరగంటలో పట్టుకోవచ్చు, అప్పటికప్పుడు సరిచేయొచ్చు. కాబట్టి వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టండి. మగతగా ఉన్న కామెర్ల రోగి గుమ్మంలోకి రాగానే గ్లూకోమీటర్ చేతిలోకి రావాలి. లివర్‌లో గ్లైకోజెన్ నిల్వ అయిపోయినవాడికి షుగర్ 40కి పడటానికి ఎంతోసేపు పట్టదు.

మొదటి దారికి వస్తే, బిలిరుబిన్ (ఒంటికి పచ్చదనం తెచ్చే పదార్థం) చూసి బెదరడం, బిలిరుబిన్ చూసి ధైర్యం తెచ్చుకోవడం, రెండూ తప్పే. బిలిరుబిన్ 18 ఉన్నా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలత) 1.1 ఉండి, మనిషి చురుగ్గా మాట్లాడుతుంటే కంగారు లేదు. బిలిరుబిన్ 7 మాత్రమే ఉండి ఐఎన్ఆర్ 2.8 అయితే ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి. అంతకుముందు లివర్ జబ్బు లేని మనిషికి, జబ్బు మొదలై 26 వారాల లోపు, ఐఎన్ఆర్ 1.5 లేదా అంతకంటే ఎక్కువ ఉండి ఏ కాస్త తికమక కనిపించినా అది అక్యూట్ లివర్ ఫెయిల్యూరే. ఇంకో మోసం ఉంది. ఏఎల్‌టీ (దెబ్బతిన్న లివర్ కణాల నుంచి కారే ఎంజైము) 3000 నుంచి 600కి దిగితే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. అదే సమయంలో ఐఎన్ఆర్ పెరుగుతూ, స్కాన్‌లో లివర్ చిన్నదవుతూ ఉంటే, చావడానికి కణాలు మిగల్లేదు కాబట్టే ఏఎల్‌టీ దిగిందని అర్థం.

వడపళని_జనరల్
సార్, క్లినిక్‌లో ఎన్సెఫలోపతీ (లివర్ చెడి మెదడు మందగించడం) తొలి గ్రేడుని ఎలా పట్టుకోవాలి? ఆ దశలో మనిషి మామూలుగానే ఉన్నట్టు అనిపిస్తాడు కదా.

పెరంబూరు_హెపటాలజీ
నిద్ర తారుమారవడం తొలి గుర్తు. రాత్రి మెలకువ, పగలు తూగు. తర్వాత చిరాకు, లెక్కలో తడబాటు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనండి. చదువుకోనివాళ్లని వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి. రోజూ ఒకే కాగితం మీద సంతకం పెట్టించండి. మూడో రోజు సంతకం వంకర్లు పోయిందంటే ఏ స్కోరూ అక్కర్లేదు. చేతులు ముందుకు చాచి, మణికట్లు పైకెత్తి, వేళ్లు విడదీసి అరనిమిషం ఉంచమనండి. మణికట్టు ఒక్క క్షణం జారి మళ్లీ లేస్తుంటే అది ఫ్లాప్, రెండో గ్రేడు. రోజు చెప్పలేకపోవడమూ అంతే. పిలిస్తే లేచి మళ్లీ నిద్రలోకి జారుకునేవాడు మూడో గ్రేడు, నొప్పి పెట్టినా సరిగా స్పందించనివాడు నాలుగు.

మొదటి, రెండో గ్రేడుల్లోనే రోగిని తరలించాలి. నెల్లూరు నుంచి చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్లు. ఆ మూడు నాలుగు గంటల్లో రెండో గ్రేడు నాలుగు కావచ్చు. మూడో గ్రేడుకి చేరినవాడికి శ్వాసనాళంలో ట్యూబు వేసి, డెక్స్‌ట్రోజ్ డ్రిప్ నడుస్తుండగానే అంబులెన్సు కదలాలి.

కీళ్పాక్_ఐసీయూ_సిస్టర్
డాక్టర్ గారు చెప్పినదానికి మంచం దగ్గరి పని కలుపుతాను. తల వైపు 30 డిగ్రీలు ఎత్తాలి, మెడ తిన్నగా ఉండాలి. ట్యూబు కట్టే టేపు మెడ చుట్టూ బిగిస్తే రక్తం తల నుంచి కిందికి దిగదు, మెదడులో ఒత్తిడి పెరుగుతుంది. వేలు దూరేంత వదులుంచండి. షుగర్ గంటకోసారి. 70 కంటే తగ్గితే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఇచ్చి, ఆ వెంటనే 10 శాతం డ్రిప్ పెట్టాలి. బోలస్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే గంటలో మళ్లీ పడిపోతుంది. కంటిపాపలు గంటకోసారి టార్చితో చూసి, సైజు మి.మీ.లలో రాయాలి. "నార్మల్" అని రాస్తే తర్వాతి షిఫ్టుకి ఏమీ తెలియదు. బీపీ పెరుగుతూ నాడి నెమ్మదిస్తుంటే డాక్టర్‌ని పరుగున పిలవాలి. సక్షన్ అవసరమైనప్పుడే, క్లుప్తంగా. స్నానం, పక్కబట్టల మార్పు, సక్షన్ అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు.

ఇంటికి పంపే రోగుల కోసం ఒక తెలుగు చీటీ కూడా పెట్టుకోవచ్చు. అందులో ఇంత చాలు: "రాత్రి నిద్రపట్టక పగలు తూగినా, మాట తడబడినా, తెలిసినవాళ్ల పేర్లు మర్చిపోయినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, నడకలో తూలినా ఆ పూటే రండి. నిద్రమాత్ర, దగ్గు సిరప్, పసరు మందు ఏదీ వేయొద్దు."

మాధవరం_జీపీ
చీటీ చాలా బాగుంది సిస్టర్, ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. దురదకీ నిద్రలేమికీ చాలామంది ఏదో ఒకటి రాసేస్తుంటారు. ఏవి ప్రమాదం?

అన్నానగర్_ఫార్మా
ఇది పెద్ద విషయం, కాస్త వివరంగా రాస్తాను. అల్ప్రజోలం, క్లోనజెపాం, డయాజెపాం వద్దే వద్దు. నిద్ర పట్టకపోవడమే ఎన్సెఫలోపతీ తొలి గుర్తు అయినప్పుడు దానికి నిద్రమాత్ర ఇస్తే గుర్తూ మాసిపోతుంది, రోగీ మునిగిపోతాడు. దురదకి ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ కూడా మత్తు తెస్తాయి. వాటి బదులు కొలెస్టిరమిన్ 4 గ్రా. పొడిని నీళ్లలో కలిపి ఇవ్వొచ్చు. మిగతా మందులు దానికి గంట ముందు గానీ, నాలుగు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేకపోతే వాటినీ పట్టేసుకుంటుంది.

వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇచ్చిన కుర్రవాళ్లలో మెడ పక్కకి తిరిగిపోవడం, కళ్లు పైకి నిలబడిపోవడం, దవడ బిగుసుకోవడం జరుగుతుంటాయి. దాన్ని ఫిట్స్ అనుకుని మిడజోలం పొడిచేస్తారు. అది డిస్టోనియా, స్పృహ పూర్తిగా ఉంటుంది. మందు ఆపి ట్రైహెక్సిఫెనిడిల్ గానీ ప్రోమెథజిన్ గానీ ఇస్తే సర్దుకుంటుంది. కాకపోతే ప్రోమెథజిన్‌కి మత్తు ఉంది, అప్పటికే మగతగా ఉన్నవాడికి ఇవ్వొద్దు. మెట్రోనిడజోల్ రోజుల తరబడి నడిచినవాడు తూలుతూ, మాట ముద్దగా మాట్లాడుతుంటే ముందు దాన్ని ఆపి చూడండి. లివర్ దెబ్బతిన్నప్పుడు అది ఒంట్లో పేరుకుని చిన్నమెదడుని పట్టుకుంటుంది.

నిజంగా ఫిట్స్ వస్తే లెవెటిరాసిటమ్. వాల్‌ప్రోయేట్ వద్దు, అమ్మోనియాని పెంచుతుంది.

వడపళని_జనరల్
ఎల్-ఆర్నిథిన్ ఎల్-ఆస్పార్టేట్ డ్రిప్పు, లాక్టులోజ్ మాటేమిటి? అక్యూట్ కేసుల్లో కూడా రెండూ రాసేస్తున్నారు.

పెరంబూరు_హెపటాలజీ
సిర్రోసిస్‌లో ఉన్న అలవాటుని అక్యూట్ కేసుకి లాక్కురావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అక్యూట్ లివర్ ఫెయిల్యూర్‌లో ఎల్-ఆర్నిథిన్ ఎల్-ఆస్పార్టేట్‌ని ఢిల్లీ ఎయిమ్స్‌లోనే పరీక్షించారు. 201 మంది, రోజుకి 30 గ్రా. చొప్పున మూడు రోజులు. 2009లో ఫలితాలు వచ్చాయి. అమ్మోనియాలోనూ, బతికినవాళ్ల సంఖ్యలోనూ తేడా లేదు. ఆ డబ్బు తరలింపుకి ఖర్చుపెట్టించండి.

లాక్టులోజ్ విషయంలో నా అభిప్రాయం: మొదటి, రెండో గ్రేడులో, మలబద్ధకం ఉంటే, మెలకువగా మింగగలిగితే 15 నుంచి 20 మి.లీ. ఇవ్వొచ్చు. మూడో గ్రేడులో నోటితో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పేగులు గ్యాసుతో ఉబ్బితే లివర్ మార్పిడి సర్జన్‌కి పొట్టలో చోటు దొరకదు. నీళ్ల విరేచనాలయ్యి సోడియం తారుమారైతే మెదడుకి ఇంకా చేటు.

వేళచ్చేరి_క్రిటికల్‌కేర్
లాక్టులోజ్ గురించి సార్‌తో కొంచెం విభేదిస్తాను. అక్యూట్‌లో లాభం ఉందన్న ఆధారం బలహీనం కాబట్టి ఏ గ్రేడులోనూ మొదలుపెట్టకపోవడమే మేలు. అమ్మోనియాని నిజంగా దించేది డయాలసిస్, అందులోనూ ఆగకుండా నడిచే సీఆర్ఆర్‌టీ. కిడ్నీలు బాగున్నా సరే, అమ్మోనియా 150 దాటి పెరుగుతుంటే, మూడో గ్రేడు వస్తుంటే మొదలుపెట్టేయాలి. యూరియా, క్రియాటినిన్ పెరిగేదాకా ఆగడం ఇక్కడ పనికిరాదు.

మెదడు ఉబ్బుకి మోతాదులు: 20 శాతం మానిటాల్, 60 కిలోల మనిషికి 150 మి.లీ., అంటే కిలోకి అర గ్రాము, 20 నిమిషాల్లో. సీరం ఆస్మొలాలిటీ 320 దాటితే మళ్లీ ఇవ్వొద్దు. మూత్రం రాని రోగికి డయాలసిస్ లేకుండా మానిటాల్ ఇస్తే నీళ్లన్నీ ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఏసీ గదిలో ఉంచిన సీసాలో మెరిసే స్ఫటికాలు తేలుతుంటాయి. వేడినీళ్లలో సీసాని నిలబెట్టి, పూర్తిగా కరిగాక, ఒంటి వేడికి చల్లార్చి, ఫిల్టరు ఉన్న సెట్‌తో ఎక్కించాలి. దానికి బదులు 3 శాతం సెలైన్ 200 మి.లీ. కూడా 20 నిమిషాల్లో ఇవ్వొచ్చు. సోడియం 145 నుంచి 150 మధ్య నిలపాలి. మెదడు లోపలి ఒత్తిడి చూసే ఐసీపీ మానిటర్ లేని చోట కంటి వెనక నరం తొడుగుని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, 5 మి.మీ. దాటి పెరుగుతోందా అని ఆరు గంటలకోసారి చూడొచ్చు.

ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ పారాసిటమాల్ కేసులకే అనుకోవద్దు. 2009లోనే వచ్చిన అమెరికా ట్రయల్‌లో పారాసిటమాల్ కాని లివర్ ఫెయిల్యూర్‌లో, మొదటి రెండు గ్రేడుల్లో ఉన్నవాళ్లు మార్పిడి లేకుండా బతకడం 30 శాతం నుంచి 52 శాతానికి పెరిగింది. మూడు, నాలుగు గ్రేడుల్లో ఆ లాభం లేదు. మోతాదు: మొదటి గంటలో కిలోకి 150 మి.గ్రా., తర్వాత నాలుగు గంటలు గంటకి కిలోకి 12.5, ఆ తర్వాత 67 గంటలు గంటకి 6.25. అన్నీ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో. మొదటి గంటలో దద్దుర్లు, పిల్లికూతలు వస్తే డ్రిప్ ఆపి, తగ్గాక నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంకోటి, ఐఎన్ఆర్ ఎక్కువ ఉందని ఎఫ్‌ఎఫ్‌పీ (దాత ప్లాస్మా) పోయొద్దు. రక్తస్రావం ఉంటేనో, లైన్ వేయాల్సి వస్తేనో సరే. ఊరికే పోస్తే ఐఎన్ఆర్ అంకె బాగుపడినట్టు కనిపించి, మార్పిడి అవసరమా కాదా చెప్పే ముఖ్యమైన గీటురాయి పోతుంది. విటమిన్ కె 10 మి.గ్రా. మాత్రం అందరికీ ఇవ్వండి.

పెరంబూరు_హెపటాలజీ
సీఆర్ఆర్‌టీ గురించి పూర్తిగా ఒప్పుకుంటాను. మార్పిడి మాట ఐఎన్ఆర్ 6.5 దాటేదాకా వాయిదా వేయొద్దు. అవయవాల కేటాయింపు చూసే సంస్థల దగ్గర, అంటే తమిళనాడులో ట్రాన్స్‌టాన్, కర్ణాటకలో జీవసార్థకతె దగ్గర నమోదు ఉంటుంది. కానీ బ్రెయిన్‌డెడ్ దాత అవయవం ఆ రెండు మూడు రోజుల్లో దొరుకుతుందన్న భరోసా లేదు. బంధువుల్లో దాత ఎవరో మొదటి రోజే మాట్లాడాలి. బ్లడ్ గ్రూపు, ఆధార్, బంధుత్వం రుజువు చేసే కాగితాలు ఊరి నుంచి వెంటనే తెప్పించమనండి. కాగితాల దగ్గరే ఒక పూట పోతుంటుంది, ఆ పూట చాలా ఖరీదైంది.

టీనగర్_ల్యాబ్
అమ్మోనియా గురించి అందరూ అంకెలు చెబుతున్నారు, ఆ అంకె నిజమైనదేనా అన్నది శాంపిల్ మీద ఉంటుంది. ధమని రక్తం మేలు. సిర నుంచి తీస్తే టోర్నికే అరనిమిషానికి మించి ఉంచొద్దు, పిడికిలి బిగించమనొద్దు. కండరం నుంచి అమ్మోనియా వచ్చి కలుస్తుంది. ఊదామూత ఈడీటీఏ ట్యూబు నిండా తీసి, వెంటనే ఐసుముక్కలూ నీళ్లూ కలిపిన కప్పులో నిలబెట్టాలి. పావుగంటలో సెంట్రిఫ్యూజ్‌లో పడాలి. గది వేడిలో అరగంట కూర్చుంటే ఎర్రకణాల నుంచే అమ్మోనియా పుట్టి 60 కాస్తా 120 అవుతుంది. ఫిట్స్ వచ్చిన వెంటనే తీసినా ఎక్కువే చూపిస్తుంది. బయటి కలెక్షన్ సెంటర్ నుంచి బైకు మీద వచ్చే అమ్మోనియా శాంపిల్‌ని మేము తిప్పి పంపిస్తాం, దయచేసి అర్థం చేసుకోండి. ఎయిమ్స్ వాళ్ల 2006 పేపరులో ధమని అమ్మోనియా 124 మైక్రోమోల్ దాటితే మరణ ప్రమాదం ఎక్కువని తేలింది. అలాంటి గీత మీద నిర్ణయం తీసుకునేటప్పుడు శాంపిల్ దగ్గర నిర్లక్ష్యం కూడదు.

అడయార్_న్యూరో
ఇక రెండో దారి. కామెర్లు మొదలైన ఒకటి రెండు వారాలకి, తరచూ ఐఎన్ఆర్ మామూలుగా ఉన్న రోగిలోనే, రెండు కాళ్లూ సమానంగా బలహీనపడి పైకి పాకుతుంటే గిలన్-బారీ (జీబీఎస్). హెపటైటిస్ ఇ తో దీనికి గట్టి సంబంధం ఉంది. నెదర్లాండ్స్‌లో జీబీఎస్ రోగుల్లో 5 శాతం మందికి, బంగ్లాదేశ్‌లో 11 శాతం మందికి కొత్తగా వచ్చిన హెపటైటిస్ ఇ గుర్తులు దొరికాయి. హెపటైటిస్ ఎ తర్వాత కూడా వస్తుంది, అరుదుగా బి తర్వాత.

ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది, ఈ రోగుల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు. ఏఎల్‌టీ 120, 200 దగ్గర ఉంటుంది, అంతే. కాబట్టి జీబీఎస్ అనుకున్న ప్రతివాళ్లకీ ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) చేయించి, కాస్త ఎక్కువున్నా హెపటైటిస్ ఇ ఐజీఎం (కొత్తగా సోకిందని చూపే యాంటీబాడీ) పంపండి.

మంచం దగ్గర తేడా ఇలా తెలుస్తుంది. మోకాలి కింద సుత్తితో కొట్టండి. ఎన్సెఫలోపతీలో రిఫ్లెక్స్ గట్టిగా ఎగురుతుంది, బొటనవేలు పైకి లేవొచ్చు. జీబీఎస్‌లో రిఫ్లెక్స్ పోతుంది, మనిషి మాత్రం పూర్తి మెలకువలో ఉంటాడు. కాళ్లు పడిపోయి, మూత్రం బిగబట్టుకుపోయి, బొడ్డు దగ్గర గీత గీసినట్టు స్పర్శ ఆగిపోతే అది వెన్నుపాము వాపు. ఆలస్యం చేయకుండా వెన్ను ఎంఆర్ఐ.

శ్వాస సంగతి: ఆక్సిజన్ శాచురేషన్ 98 ఉందని నమ్మకండి, అది పడేసరికి చేయి దాటిపోతుంది. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి గట్టిగా లెక్కపెట్టమనండి. 20 దాకా రాకపోతే ఐసీయూ. వైటల్ కెపాసిటీ కిలోకి 20 మి.లీ. కంటే, లోపలికి పీల్చే బలం 30 సెం.మీ. నీటి పీడనం కంటే, బయటికి ఊదే బలం 40 సెం.మీ. నీటి పీడనం కంటే తగ్గినా, లేదా ఒక రోజులో మూడోవంతు పడిపోయినా ట్యూబుకి సిద్ధం కావాలి. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం మంచి హెచ్చరిక. ట్యూబు వేసేటప్పుడు సక్సినైల్‌కోలిన్ వాడొద్దు, పొటాషియం ఎగసి గుండె ఆగిపోవచ్చు.

మాధవరం_జీపీ
మేడం, వెన్నునీరు, నర్వ్ కండక్షన్ రెండూ మామూలుగా వస్తే జీబీఎస్ కాదనుకోవచ్చా?

అడయార్_న్యూరో
అనుకోకూడదండి. మొదటి వారంలో రెండూ మామూలుగా ఉండొచ్చు. వెన్నునీటిలో కణాలు పెరగకుండా ప్రొటీన్ పెరగడం తరచూ రెండో వారంలో తేలుతుంది. బలహీనత ముదురుతుంటే పరీక్ష కోసం వైద్యం ఆపొద్దు. కామెర్ల రోగిలో వెన్నులో సూది గుచ్చేముందు ఐఎన్ఆర్ 1.5 లోపు, ప్లేట్‌లెట్లు 50 వేల పైన ఉన్నాయో లేదో చూసుకోవాలి.

వైద్యం: ఐవీఐజీ (దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీల డ్రిప్) రోజుకి కిలోకి 0.4 గ్రా. చొప్పున ఐదు రోజులు. 60 కిలోలకి రోజుకి 24 గ్రా., మొత్తం 120 గ్రా. మొదటి అరగంట నెమ్మదిగా, చలి వణుకు లేకపోతే వేగం పెంచాలి. లేదా ప్లాస్మా మార్పిడి, రెండు వారాల్లో ఐదు విడతలు. రెండూ సమానమే, ఒకదాని తర్వాత ఒకటి చేసినా అదనపు లాభం లేదు. స్టెరాయిడ్లు జీబీఎస్‌లో పనిచేయవు. హెపటైటిస్ బి ఉన్నవాడికి ఇస్తే వైరస్ విజృంభిస్తుంది కూడా. అందుకే ఏ నరం జబ్బుకి స్టెరాయిడ్ మొదలుపెట్టాలన్నా హెపటైటిస్ బి పరీక్షలైన హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ ముందు చూడాలి.

టీనగర్_ల్యాబ్
మేడం, ఇక్కడ ఒక మనవి. వైరస్ పరీక్షల రక్తం ఐవీఐజీ సీసా విప్పకముందే తీయించండి. ఐవీఐజీ వేలమంది దాతల ప్లాస్మా. అది ఎక్కాక యాంటీ-హెచ్‌బీసీ, హెపటైటిస్ ఎ ఐజీజీ పాజిటివ్ వస్తాయి, అవి రోగివి కావు. ప్లాస్మా మార్పిడి చేస్తే ఉన్న యాంటీబాడీలే కొట్టుకుపోతాయి. 5 మి.లీ. సీరం తీసి ఫ్రీజర్‌లో పెట్టమని చెప్పినా చాలు, పరీక్ష తర్వాత నిర్ణయించుకోవచ్చు.

అడయార్_న్యూరో
చాలా ముఖ్యమైన మాట. మా డ్యూటీ డాక్టర్లకి కూడా ఇది గోడ మీద రాసి పెట్టాలి.

వేళచ్చేరి_క్రిటికల్‌కేర్
ప్లాస్మా మార్పిడి దారిలో వెళ్తే ఇంకో జాగ్రత్త. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా వాడే సిట్రేట్‌ని ఎక్కువగా కరిగించేది లివరే. లివర్ దెబ్బతిన్నవాడిలో అది పేరుకుని, అయనైజ్డ్ కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, ఈసీజీలో క్యూటీ సాగడం కనిపిస్తాయి. ఆ తిమ్మిరిని జీబీఎస్ ముదిరిందని పొరబడతారు. అరగంటకోసారి అయనైజ్డ్ కాల్షియం చూస్తూ కాల్షియం గ్లూకోనేట్ నడపాలి.

తాంబరం_ఫిజియో
జీబీఎస్ కాని కాలి బలహీనత ఒకటి చెబుతాను. కామెర్లతో పది కిలోలు తగ్గిన మనిషికి మోకాలి బయటి వైపు, ఎముక తల దగ్గర కొవ్వు ఉండదు. అక్కడ నరం చర్మం కిందే ఉంటుంది. రోజంతా కాలు మీద కాలేసుకుని కూర్చున్నా, పక్కకి ఒరిగి మంచం కడ్డీకి ఆనించి పడుకున్నా ఆ నరం నలిగి పాదం జారిపోతుంది. పాదాన్ని లోపలికి తిప్పమనండి. లోపలికి బలంగా తిప్పగలిగితే, పైకి మాత్రమే ఎత్తలేకపోతే అది మోకాలి దగ్గర నలిగిన నరమే. లోపలికి కూడా తిప్పలేకపోతే పైన నడుము దగ్గర, లేదా అంతటా ఉన్న నరం జబ్బు. నలిగిన నరానికి ఐవీఐజీ అక్కర్లేదు. మోకాలి పక్కన మెత్త, పాదానికి స్ప్లింట్, కాళ్లు మడిచి కూర్చోవడం మానేయడం చాలు.

అడయార్_న్యూరో
దీనికి తోడు హెపటైటిస్ బి రోగిలో ఒక పాదం, కొన్ని రోజులకి ఇంకో చేతి మణికట్టు, నొప్పితో సహా వేర్వేరుగా జారిపోతే, జ్వరం, బరువు తగ్గడం, బీపీ ఉంటే రక్తనాళాల వాపు, పాలీఆర్టిరైటిస్ నోడోసా గురించి ఆలోచించాలి. అక్కడ టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ మొదలుపెట్టాకే కొద్దికాలం స్టెరాయిడ్.

భుజం సంగతీ చెప్పాలి. ఒక రాత్రి భుజంలో భరించలేని నొప్పి, తర్వాత చేయి ఎత్తలేకపోవడం, రెక్క ఎముక వెనక్కి పొడుచుకురావడం న్యూరాల్జిక్ అమయోట్రఫీ. హెపటైటిస్ ఇ తో వచ్చేది తరచూ రెండు భుజాలకీ పడుతుంది, డయాఫ్రం నరాన్ని కూడా పట్టుకుంటుంది. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే తగ్గిందంటే అదే. ఈ కేసులు ఎక్కువగా ఐరోపాలోని జీనోటైప్ 3 తో బయటపడ్డాయి, మన దగ్గర తిరిగేది జీనోటైప్ 1. అయినా ఎల్‌ఎఫ్‌టీ, హెపటైటిస్ ఇ ఐజీఎం చూడటానికి ఖర్చు తక్కువే.

నంగనల్లూరు_డైటీషియన్
మూడో దారి గురించి ఇంకా రాయాల్సింది ఉంది. కామెర్లనగానే మన ఇళ్లలో చప్పిడి పథ్యం మొదలవుతుంది. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు. మూడు పూటలా మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు, చెరకు రసం. దానికి తోడు వాంతులు, చేతికి గ్లూకోజ్ సీసా. రెండు మూడు వారాలు ఇలా గడిస్తే సోడియం 120కి పడుతుంది, థయమిన్ నిల్వ అయిపోతుంది. పాలిష్ బియ్యం గంజిలో థయమిన్ దాదాపు ఉండదు, ఎక్కించిన గ్లూకోజ్ మిగిలిన కాస్తనీ ఖర్చుచేసేస్తుంది. అప్పుడు మనిషి తూలతాడు, కళ్లు పక్కకి తిప్పితే అదురుతాయి, తికమకపడతాడు. అది వెర్నికే, థయమిన్ లోపంతో వచ్చే మెదడు జబ్బు. కాళ్ల నరాలు కూడా చచ్చుబడితే అచ్చం జీబీఎస్ లాగే కనిపిస్తుంది.

థయమిన్ 500 మి.గ్రా. 100 మి.లీ. సెలైన్‌లో అరగంటలో, రోజుకి మూడుసార్లు, మూడు రోజులు. గ్లూకోజ్ కంటే ముందే, లేదా దానితోపాటే. షుగర్ 40 ఉన్నవాడికి మాత్రం థయమిన్ కోసం గ్లూకోజ్ ఆపకూడదు. మెగ్నీషియం తక్కువుంటే థయమిన్ పనిచేయదు, అదీ చూడాలి. సోడియం పెంచేటప్పుడు 24 గంటల్లో 8 మి.మోల్ మించొద్దు. తొందరపడితే మెదడు కాండంలో నరాల తొడుగు ఊడిపోతుంది.

తిండి విషయంలో కిలోకి 1.2 నుంచి 1.5 గ్రా. ప్రొటీన్ కావాలి. ఇడ్లీ, పప్పన్నం, పెరుగు, ఉడికిన గుడ్డు అన్నీ తినొచ్చు, ఉప్పుతోనే. రాత్రి పడుకునేముందు ఒక చిరుతిండి తప్పనిసరి, తెల్లవారుజామున షుగర్ పడకుండా. పప్పు, గుడ్డు మానేస్తే మగత రాదన్న నమ్మకం వల్ల కండరం కరుగుతుంది. ఆ కండరమే అమ్మోనియాని పట్టి ఉంచే రెండో అవయవం.

వడపళని_జనరల్
ఉప్పు మాట చూసి అడుగుతున్నా. మెదడు ఉబ్బుకి సోడియం 145 దాటించాలన్నారు, ఇక్కడ నెమ్మదిగా పెంచాలంటున్నారు.

వేళచ్చేరి_క్రిటికల్‌కేర్
సోడియం 136 ఉన్నవాణ్ని 146కి తేవడం ఒకటి, రెండు వారాలుగా 118 ఉన్నవాణ్ని 146కి తేవడం ఇంకొకటి. రెండోవాడికి రోజుకి 8 లోపే. వాడి కంటిపాప పెద్దదై హెర్నియేషన్ (ఉబ్బిన మెదడు కిందికి జారడం) గుర్తులు కనిపిస్తే ముందు ప్రాణం దక్కాలి కాబట్టి ఒక్క 3 శాతం బోలస్ ఇచ్చి, నాలుగు ఐదు పాయింట్లు పెరగగానే ఆపేయాలి.

ఎగ్మోర్_ప్రసూతి
గర్భిణుల గురించి. మూడో త్రైమాసికంలో హెపటైటిస్ ఇ వస్తే మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. కామెర్లు కనిపించిన గర్భిణిని ఐఎన్ఆర్ చూడకుండా ఇంటికి పంపొద్దు. ఫిట్స్ వచ్చి బీపీ 140/90 దాటితే ఎక్లాంప్సియాగా (గర్భంలో బీపీ వల్ల వచ్చే ఫిట్స్) తీసుకుని మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టి, పక్కనే ఐజీఎం పంపండి. షుగర్ పదేపదే పడుతుంటే ఫ్యాటీ లివర్ ఆఫ్ ప్రెగ్నెన్సీ, ప్లేట్‌లెట్లు తగ్గుతుంటే హెల్ప్ సిండ్రోమ్. ఆ రెండింటికీ కాన్పే వైద్యం, హెపటైటిస్ ఇ కి అలా కాదు. రిబావిరిన్ గర్భిణికి ఇవ్వనేకూడదు. వేవిళ్లతో వారాలుగా తినని మనిషికి థయమిన్ గురించి పైన చెప్పినదంతా రెట్టింపు వర్తిస్తుంది.

పెరంబూరు_హెపటాలజీ
వైరల్ హెపటైటిస్ అని ముద్రవేసి కూర్చోకుండా ఇవి కూడా చూడండి. వానాకాలం చెన్నైలో జ్వరం, కామెర్లు, మగత కలిసి వస్తే లెప్టో, ఫాల్సిపారం మలేరియా, స్క్రబ్ టైఫస్. స్క్రబ్ టైఫస్ కోసం చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద నల్లటి మచ్చ వెతకండి. దొరికినా దొరక్కపోయినా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రెండుపూటలా మొదలుపెట్టొచ్చు. ఈ మూడింటిలో ఏఎల్‌టీ వేలల్లోకి పోవడం అరుదు, హెపటైటిస్ ఎ, ఇ లో మామూలే. తమిళనాడులో ఎలుకల పేస్టు తిన్న కేసుని మర్చిపోవద్దు. ఎల్లో ఫాస్ఫరస్ వల్ల రెండు మూడు రోజులు బాగున్నట్టే ఉండి ఒక్కసారిగా లివర్ కూలుతుంది. ఇంట్లోవాళ్లు చెప్పరు, రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి నెమ్మదిగా అడగాలి. బిలిరుబిన్ 35, 40 దాటి, హిమోగ్లోబిన్ పడుతూ, మూత్రం కోలా రంగులో ఉంటే జీ6పీడీ లోపం (ఎర్రకణాలు తేలిగ్గా పగిలిపోయే పుట్టుకతో వచ్చే లోపం) తోడైంది. అక్కడ ముందు పోయేది కిడ్నీ.

మాధవరం_జీపీ
అందరికీ ధన్యవాదాలు. ఒకే ఒక్క చివరి సందేహం. రోగికి హెపటైటిస్ ఎ, జీబీఎస్ వచ్చి ఐవీఐజీ అయింది. ఇంట్లో పిల్లలకి ఎ టీకా ఇవ్వొచ్చా? వాళ్లకీ జీబీఎస్ వస్తుందని తండ్రి భయపడుతున్నాడు.

అడయార్_న్యూరో
ఇవ్వొచ్చు, ఇవ్వాలి. జీబీఎస్ ఇంట్లోవాళ్లకి అంటుకునేది కాదు, అంటుకునేది వైరస్. రోగిని కలిసిన రెండు వారాల్లోపు మొదటి డోసు పడితే పిల్లలకి రక్షణ ఉంటుంది. ఇనాక్టివేటెడ్ టీకా అయితే ఆరు నెలలకి రెండోది. ఏడాది దాటిన పిల్లలకే ఇస్తారు. రోగికి మాత్రం జబ్బు ద్వారానే జీవితకాలం రక్షణ వచ్చేసింది, టీకా అక్కర్లేదు. ఐవీఐజీ తీసుకున్నాడు కాబట్టి ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు ఏవైనా బాకీ ఉంటే ఎనిమిది నుంచి పదకొండు నెలలు ఆగాలి. ఆ తేదీని డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వండి.